మేం ఓటు వేయని రోడ్డు బాండుకు మేమెందుకు కట్టాలి?

ఉత్తరం: నమస్కారం సార్. మేము హ్యూస్టన్‌కు పడమర వైపు, ఫోర్ట్ బెండ్ కౌంటీలో ఒక కొత్త కమ్యూనిటీలో రెండేళ్ళ క్రితం ఇల్లు కొన్నాం. మొదటి ఏడాది నెల వాయిదా బాగానే ఉంది. రెండో ఏడాది ఒక్కసారిగా నెలకు దాదాపు 600 డాలర్లు పెరిగింది. ఎందుకని చూస్తే ప్రాపర్టీ ట్యాక్స్‌లో మడ్ ట్యాక్స్ అని పెద్ద మొత్తం ఉంది. ఇప్పుడు మా మడ్ బోర్డు రోడ్ల కోసం మరో బాండ్ అమ్మబోతోందని కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నీళ్ళు, డ్రైనేజీ చూసుకోవాల్సిన సంస్థకు రోడ్లతో ఏం పని? దీని మీద మమ్మల్ని ఎవరూ ఓటు అడగలేదు. అయినా మావారిది హెచ్-1బి, నాది హెచ్-4, అడిగినా వేయలేం. కొన్నాళ్ళకు సిటీ మమ్మల్ని కలిపేసుకుంటుంది, అప్పుడు ఈ ట్యాక్స్ పోతుందని మా పక్కింటాయన అంటున్నారు. ఇది నిజమా? ఈ బాండును ఆపగలమా? చాలా టెన్షన్‌గా ఉంది. పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా, మీకు ఎక్కువ టెన్షన్ పెడుతున్న ఆ 600 డాలర్ల సంగతి ముందు చూద్దాం. అందులో కొంత భాగం వచ్చే ఏడాది తగ్గే అవకాశం ఉంది.

టెక్సస్‌లో ఆస్తి విలువను జనవరి 1న ఉన్న స్థితిని బట్టి కడతారు. మీరు కొన్న ఏడాది జనవరి 1 నాటికి అక్కడ ఇల్లు లేదు, ఖాళీ లాటో, పునాదో ఉండి ఉంటుంది. ఆ ఏడాది పన్ను బిల్లు దాని మీదే వచ్చింది. పన్ను, ఇన్సూరెన్సుల కోసం బ్యాంకు మీ నెల వాయిదాతో కలిపి వసూలు చేసి ఉంచే ఖాతా ఎస్క్రో. దాన్ని కూడా ఆ చిన్న బిల్లు చూసే లెక్క వేసింది. మరుసటి ఏడాది పూర్తి ఇంటి మీద బిల్లు వచ్చింది. దాంతో మీ మీద రెండు బరువులు కలిసి పడ్డాయి. ఎస్క్రోలో తక్కువ పడిన డబ్బును 12 నెలల్లో రాబట్టుకోవడం ఒకటి, ఇక నుంచి కట్టాల్సిన అసలు పన్ను రెండోది. మొదటి బరువు ఏడాది తర్వాత తీరిపోతుంది, రెండోది ఉంటుంది. నేను ఇల్లు కొన్నప్పుడు కూడా ఇలాగే జరిగింది. ఆ కాగితం చేతికొచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి మీ ఆందోళన నాకు తెలుసు. బ్యాంకు పంపిన ఎస్క్రో అనాలిసిస్‌లో షార్టేజ్ అనే వరుస ఉంటుంది. ఆ అంకెను 12తో భాగించి చూడండి, 600లో ఎంత తాత్కాలికమో తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. నీళ్ళ సంస్థకు రోడ్లతో ఏం పని?

మడ్ అంటే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. సిటీ హద్దులు దాటాక పొలాల్లో కొత్త కాలనీ వేయాలంటే నీళ్ళు, మురుగు, వాన నీటి కాలువలు ఎవరో ఒకరు వేయాలి. సిటీ అంత దూరం పైపులు వేయదు, కౌంటీకి ఆ పని లేదు. అందుకని టెక్సస్‌లో ఆ కాలనీ వరకే ఒక చిన్న ప్రభుత్వాన్ని ఏర్పాటు చేస్తారు. దానికి అయిదుగురు డైరెక్టర్ల బోర్డు ఉంటుంది. పన్ను వేసే అధికారం, బాండ్లు అమ్మి అప్పు తెచ్చే అధికారం రెండూ దానికి ఉంటాయి. డెవలపర్ ముందు తన డబ్బు పెట్టి పనులు చేయిస్తాడు. ఇళ్ళు లేచి, పన్ను వేయడానికి తగినంత ఆస్తి విలువ ఏర్పడ్డాక మడ్ బాండ్లు అమ్మి డెవలపర్ ఖర్చు తిరిగి ఇస్తుంది. ఆ బాండ్ల అసలు, వడ్డీ మీ ఇంటి మీద వేసే పన్నుతో ఏళ్ళ తరబడి తీరుస్తారు. మన ఊళ్ళలో వెంచర్ వేసినవాళ్ళు రోడ్డు ఖర్చంతా గజం రేటులో కలిపేస్తారు, కొన్న రోజే మనం కట్టేస్తాం. ఇక్కడ ఆ ఖర్చులో పెద్ద భాగం ఇంటి ధరలో కాకుండా పన్ను బిల్లులో, పాతికేళ్ళ పాటు వస్తుంది. ఇల్లు కొనేటప్పుడు ధర పక్క వీధి కంటే తక్కువగా ఉందని సంతోషించే మనవాళ్ళు ఈ సంగతి గమనించరు.

నీళ్ళ పనులకు మూలం టెక్సస్ రాజ్యాంగంలో 16వ ఆర్టికల్, 59వ సెక్షన్. అది 1917లో వచ్చింది. రోడ్లకు మూలం వేరే చోట, 3వ ఆర్టికల్ 52వ సెక్షన్‌లో ఉంది. అది అంతకంటే పాతది, 1904 నాటి సవరణ. అప్పట్లో వాన పడితే పత్తి బండ్లు బురదలో కూరుకుపోయే రోజులు. మెకాడమ్ రోడ్లు, కంకర రోడ్లు, టర్న్‌పైక్‌ల కోసం కౌంటీలూ, స్థానిక డిస్ట్రిక్టులూ బాండ్లు అమ్ముకోవచ్చని అందులో రాశారు. ఆ పాత మాటలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మీ వీధిలో కాంక్రీటు రోడ్డుకు అప్పు పుట్టేది ఆ కంకర రోడ్ల సెక్షన్ మీదే.

అయితే మడ్ అయినంత మాత్రాన రోడ్ల అధికారం దానంతట అది రాదు. రెండు దారులున్నాయి. శాసనసభ ప్రత్యేక చట్టంతో మడ్‌ను ఏర్పాటు చేస్తూ ఆ చట్టంలోనే రోడ్ల అధికారం ఇవ్వవచ్చు. లేదా టీసీఈక్యూ అనే రాష్ట్ర పర్యావరణ కమిషన్‌కు అర్జీ పెట్టుకుని మడ్ ఆ అధికారం తెచ్చుకోవచ్చు. కాబట్టి మీ బోర్డు చేస్తున్నది చట్టవిరుద్ధం అనుకోకండి. ఏ చట్టం కింద, ఏ ఏడాది ఈ అధికారం వచ్చిందో మాత్రం అడగండి. జవాబు ఒక్క వాక్యంలో రావాలి.

రోడ్డు బాండుకు నీళ్ళ బాండుకు లేని రెండు షరతులు ఉన్నాయి. ఓటర్లలో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. నీళ్ళ బాండుకు సగం మించితే చాలు. అలాగే రోడ్ల అప్పు ఆ డిస్ట్రిక్టులో ఉన్న స్థిరాస్తి విలువలో నాలుగో వంతు దాటకూడదు. ఇవి కాక, మిగతా బాండ్లకు లాగే రాష్ట్ర అటార్నీ జనరల్ ఆమోదం కూడా ఉండాలి. ఇవన్నీ చదివితే గట్టి కట్టుదిట్టాలే ఉన్నాయనిపిస్తుంది.

కానీ అమ్మా, ఆ ఓటు ఎప్పుడు జరిగిందో చూడండి. మీరు రాకముందే జరిగింది. చాలా మడ్‌లలో బాండ్ల ఎన్నిక కాలనీ ఇంకా పొలంగా ఉన్నప్పుడే అయిపోతుంది. ఖాళీ భూమిలో ఒక ట్రైలర్ పెట్టి, అందులో ఉంటున్న ఇద్దరో ముగ్గురో ఓటర్లతో కోట్ల డాలర్ల బాండ్లు ఆమోదించుకున్న సంగతులు టెక్సస్ పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఇద్దరు ఓటర్లున్న చోట మూడింట రెండు వంతుల షరతు ఎవరినీ కాపాడదు. ఆ ఇద్దరూ ఒకే రోజు నీళ్ళకు, రోడ్లకు, పార్కులకు విడివిడిగా పెద్ద పెద్ద మొత్తాలు ఆమోదిస్తారు. ఆ మొత్తంలోంచి బోర్డు కొంచెం కొంచెంగా, ఇళ్ళు పెరిగేకొద్దీ బాండ్లు అమ్ముతూ వస్తుంది. మళ్ళీ ఓటు అడగనవసరం లేదు. మీకు పౌరసత్వం ఉన్నా ఈ బాండు మీద ఓటు వచ్చేది కాదు. మీ వీసా వల్ల మీరు పోగొట్టుకున్నది ఇక్కడ ఏమీ లేదు. ఈ పద్ధతి నాకు న్యాయంగా అనిపించదు. పాతికేళ్ళు అప్పు కట్టే వందల కుటుంబాల బదులు, నాలుగు నెలలు ట్రైలర్‌లో ఉండి వెళ్ళిపోయే మనిషి ఓటు వేయడం తప్పు. చట్టం మారాలి. కానీ మారేవరకు మన చేతిలో ఉన్నదాన్ని పట్టుకోవాలి.

మన చేతిలో ఉన్నది లెక్క అడగడం. రోడ్ల విషయంలో అది ఇంకా ముఖ్యం. ఎందుకంటే నీళ్ళు, మురుగు, డ్రైనేజీ బాండ్లయితే అమ్మే ముందు టీసీఈక్యూ ఇంజనీర్లు ఖర్చులు పరిశీలిస్తారు. రోడ్డు బాండ్లకు టీసీఈక్యూ ఆమోదం అక్కర్లేదు. అటార్నీ జనరల్ ఆఫీసు చూసేది చట్టప్రకారం ఉందా లేదా అని. మైలు రోడ్డుకు ఇంత ఎందుకైందని అడిగేవాళ్ళు బోర్డు తప్ప ఇంకెవరూ లేరు. బోర్డును అడిగేవాళ్ళు అక్కడుంటున్న మీరు.

కాబట్టి మూడు అంకెలు తెలుసుకోండి. రోడ్లకు ఓటర్లు ఆమోదించిన మొత్తం ఎంత, అందులో ఇప్పటిదాకా అమ్మింది ఎంత, ఇంకా మిగిలింది ఎంత. మీరు ఇల్లు కొన్నప్పుడు సంతకం చేసిన కాగితాల్లో నోటీస్ టు పర్చేజర్ అని ఒకటి ఉండాలి. మడ్‌లో ఇల్లు అమ్మేవాళ్ళు ఒప్పందానికి ముందే అది ఇవ్వాలని టెక్సస్ వాటర్ కోడ్ 49వ అధ్యాయం చెబుతుంది. నీళ్ళకు ఎంత, రోడ్లకు ఎంత, పార్కులకు ఎంత అని అందులో విడివిడిగా రాసి ఉంటుంది. క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మన పేరు మీదికి మారే రోజు, ఎనభై సంతకాల మధ్య మనం దాన్ని చదవం, అది సహజం. ఇప్పుడు తీసి చదవండి. ఆ కాగితం మీకు అసలు ఇవ్వలేదని తేలితే మాత్రం ఆలస్యం చేయకుండా టెక్సస్ లాయర్‌ను కలవండి. దానికి చట్టంలో పరిహారం ఉంది, కానీ గడువు చిన్నది.

ఇంకా లోతుగా తెలియాలంటే ఎమ్మా అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. దేశంలోని మునిసిపల్ బాండ్ల కాగితాలన్నీ అక్కడ పెడతారు. మీ మడ్ పేరు, నంబరు వేసి వెతికితే అఫీషియల్ స్టేట్‌మెంట్ అనే పెద్ద డాక్యుమెంటు వస్తుంది. బాండ్లు కొనే పెట్టుబడిదారుల కోసం రాసింది కాబట్టి అందులో దాచడానికి ఉండదు. ఎన్ని ఇళ్ళు కట్టారు, డెవలపర్‌కు ఇంకా ఎంత బాకీ ఉంది, పన్ను కట్టేవాళ్ళలో మొదటి పది మంది ఎవరు, రాబోయే ఏళ్ళలో ఎంత అప్పు కట్టాలి, అన్నీ ఉంటాయి. నీళ్ళ బాండ్ల అప్పుకు, రోడ్డు బాండ్ల అప్పుకు వేర్వేరు ఖాతాలు కూడా కనిపిస్తాయి. ఒక శనివారం పొద్దున కాఫీ పెట్టుకుని కూర్చుంటే చదివేయవచ్చు.

ఇక కొత్త బాండు వస్తే మీ పన్ను కచ్చితంగా పెరుగుతుందా? పెరగాలని లేదు. ఊరికే ఒక లెక్క వేసి చూపిస్తాను, అంకెలు నేను అనుకున్నవే. మీ మడ్‌లో మొత్తం ఆస్తి విలువ 30 కోట్ల డాలర్లు అనుకుందాం. అప్పు తీర్చే రేటు నూరు డాలర్లకు 65 సెంట్లు. అంటే ఏడాదికి 19 లక్షల 50 వేల డాలర్లు వసూలవుతాయి. మీ ఇల్లు 5 లక్షలదైతే మీ వంతు 3,250. కొత్త రోడ్డు బాండుకు ఏడాదికి 6 లక్షలు అదనంగా కట్టాలనుకోండి. ఈలోగా కొత్త ఇళ్ళు వచ్చి మొత్తం విలువ 40 కోట్లయితే రేటు 64 సెంట్ల లోపే సరిపోతుంది. మీకు పెరగకపోగా కొంచెం తగ్గుతుంది. ఇళ్ళు రాక, విలువ 30 కోట్ల దగ్గరే ఆగిపోతే రేటు 85 సెంట్లు అవుతుంది, మీ వంతు 4,250 దాకా పోతుంది. ఏడాదికి వెయ్యి డాలర్ల తేడా. అందుకని మీటింగులో అడగాల్సింది ‘బాండు ఎందుకు?’ అని కాదు. ‘ఇంకా ఎన్ని ఇళ్ళు వస్తాయని లెక్క వేసి ఈ బాండు ఇప్పుడు అమ్ముతున్నారు? అన్ని రాకపోతే రేటు ఎంతవుతుంది?’ అని అడగండి. బోర్డుకు సలహా ఇచ్చే ఫైనాన్షియల్ అడ్వైజర్ దగ్గర ఆ జవాబు ఉండి తీరాలి. ఒక ఏడాది ఆగి, కొత్త ఇళ్ళు పన్ను జాబితాలోకి ఎక్కాక అమ్మమని కోరడం చాలా సహేతుకమైన కోరిక.

మడ్ రేటులో రెండు భాగాలుంటాయి. ఒకటి రోజువారీ ఖర్చులకు, రెండోది అప్పు తీర్చడానికి. 2019లో వచ్చిన చట్టం మామూలు ఖర్చుల పన్ను పెంపుకు హద్దులు పెట్టింది, అప్పు భాగానికి ఆ హద్దులు వర్తించవు. అప్పు తీర్చడానికి ఎంత రేటు కావాలంటే అంత వేస్తామని బాండు కొన్నవాళ్ళకు ముందే మాట ఇచ్చేశారు. అందుకే ఒకసారి అమ్మిన బాండు మీద గొడవపడి లాభం లేదు. అమ్మకముందే మాట్లాడాలి.

మీరు మాట్లాడవచ్చా అని సందేహం వద్దు. మాట్లాడవచ్చు. టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం ప్రకారం అజెండాలో ఉన్న అంశం మీద జనం మాట్లాడే అవకాశం బోర్డు ఇచ్చి తీరాలి. పౌరులా కాదా అని అడగరు. కాగితాలు కోరడానికి కూడా వీసాతో పనిలేదు, సమాచార చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. డెవలపర్ రోడ్ల ఖర్చును లెక్కచూసిన సీపీఏ (ఆడిటర్) రిపోర్టు ఉంటే ఇవ్వమని ఒక ఈమెయిల్ పెట్టండి. మన ఇంగ్లీషు యాస గురించో, వీసా గురించో వెనకాడి మనవాళ్ళు ఈ మీటింగులకు వెళ్ళరు. వెళ్ళినవాళ్ళను బోర్డు మర్యాదగానే చూస్తుంది. నెలల తరబడి ఖాళీ కుర్చీల ముందు మీటింగులు నడుపుతుంటారు, ఒక కుటుంబం వచ్చి కూర్చుంటేనే తేడా కనిపిస్తుంది.

ఒక ఇబ్బంది ఉంటుంది. చాలా మడ్‌ల మీటింగులు పగటిపూట, ఊరవతల లాయర్ల ఆఫీసులో జరుగుతాయి. దీనికి చట్టంలో మందు ఉంది. డిస్ట్రిక్టులో 50 మంది ఓటర్లు ఉంటున్నప్పుడు, వాళ్ళలో కనీసం అయిదుగురు రాతపూర్వకంగా కోరితే డిస్ట్రిక్టు లోపలే మీటింగు పెట్టమని అడగవచ్చు. దీనికి మాత్రం ఓటర్లు కావాలి. మీ వీధిలో సిటిజన్‌షిప్ వచ్చిన కుటుంబాలు అయిదు ఉండవా? బతుకమ్మకో, సంక్రాంతికో క్లబ్‌హౌస్‌లో కలిసినప్పుడు ఒక కాగితం మీద సంతకాలు తీసుకోండి.

ఆ సిటిజన్ కుటుంబాలకే ఇంకో మాట చెప్పండి. మడ్ డైరెక్టర్ల పదవీకాలం నాలుగేళ్ళు, రెండేళ్ళకోసారి కొందరి స్థానాలు ఖాళీ అవుతాయి. ఎక్కువ మడ్‌లలో ఎన్నిక సరిసంఖ్య ఏడాది మే నెలలో వస్తుంది, నామినేషన్ గడువు ఫిబ్రవరి మధ్యలో ముగుస్తుంది. ఎవరూ పోటీకి రాకపోతే ఎన్నికే రద్దు చేసి పాతవాళ్ళనే కొనసాగిస్తారు. చాలా చోట్ల అదే జరుగుతోంది. డెవలపర్ దగ్గరి బంధువులు, ఉద్యోగులు బోర్డులో కూర్చోకూడదని చట్టం ఉంది. కానీ అక్కడ నివసించేవాళ్ళు ముందుకు రాకపోతే ఆ కుర్చీల్లో కాలనీతో సంబంధం లేనివాళ్ళే ఉండిపోతారు. రెండు మూడు వందల ఓట్లతో గెలిచే పదవులివి. బాండు ఎప్పుడు అమ్మాలి, ఎంత అమ్మాలి, రేటు ఎంత పెట్టాలి అని నిర్ణయించేది ఆ అయిదుగురే. రోడ్డు బాండుల మీద మీ కాలనీకి నిజంగా దొరికే ఓటు ఇదొక్కటే.

మీ పక్కింటాయన చెప్పిన మాట మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. సిటీ ఒక మడ్‌ను కలుపుకుంటే దాని అప్పు కూడా సిటీ నెత్తిన పడుతుంది. అందుకని అప్పు ఎక్కువ ఉన్నప్పుడు సిటీలకు ఆసక్తి ఉండదు. పైగా 2019 తర్వాత అక్కడివాళ్ళ సమ్మతి లేకుండా కలుపుకోవడం చాలావరకు ఆగిపోయింది. కలిసినా సిటీ పన్ను వస్తుంది కదా. మరి మడ్ పన్ను తగ్గదా అంటే, తగ్గుతుంది. కాలనీ నిండి, డెవలపర్ బాకీ తీరిపోయి, పాత బాండ్లు తీరేకొద్దీ రేటు మెల్లగా దిగుతుంది. హ్యూస్టన్ చుట్టూ పాత మడ్‌లలో రేటు కొత్తవాటికంటే చాలా తక్కువ.

మీ చెల్లెలో, స్నేహితులో డాలస్ వైపు సెలైనా లాంటి చోట్ల కొంటుంటే అక్కడ పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) అనే మాట వినిపిస్తుంది. అది మడ్ కాదు. పిడ్‌లో లాటుకు ఇంత అని ముందే నిర్ణయించిన మొత్తం ఉంటుంది, కావాలంటే ఒకేసారి కట్టేసి బయటపడవచ్చు. మడ్ అప్పును ఒక ఇల్లు మాత్రం విడిగా తీర్చుకోవడం కుదరదు.

రోడ్డుకు రెండుసార్లు కడుతున్నామా అనే అనుమానం కూడా మీకు వచ్చే ఉంటుంది. ఫోర్ట్ బెండ్ కౌంటీ ఓటర్లు 2023 నవంబరులో 71 కోట్ల డాలర్లకు పైగా మొబిలిటీ బాండ్లు ఆమోదించారు. అది కౌంటీ పెద్ద రోడ్లకు. కాలనీ లోపలి రోడ్లు, కాలనీని పెద్ద రోడ్డుకు కలిపే దారులు మడ్ వేస్తుంది. వేసి కౌంటీకి అప్పగిస్తుంది. కౌంటీ తీసుకున్నాక గుంత పడినా, పగులు వచ్చినా మరమ్మతు కౌంటీది. దానికి మడ్ ఆఫీసుకు కాకుండా కౌంటీలో మీ ప్రాంతాన్ని చూసే ప్రెసింక్టు ఆఫీసుకు ఫోన్ చేయాలి.

చివరగా ఒక చిన్న పని. సొంత ఇంట్లో ఉండేవాళ్ళకు పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు అప్లై చేశారా? వీసాతో సంబంధం లేదు. ఇల్లు మీదై, మీరు అందులోనే ఉంటూ, టెక్సస్ లైసెన్సు మీద అదే చిరునామా ఉండాలి. 2025 నుంచి స్కూల్ పన్నులో ఇంటి విలువలో 1,40,000 డాలర్లు మినహాయిస్తున్నారు. మడ్ పన్నుకు ఆ మినహాయింపు వర్తించదు. కానీ హోమ్‌స్టెడ్ ఉంటే పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా ఉండే రక్షణ మాత్రం మడ్ పన్నుకూ పనిచేస్తుంది. పన్ను కోసం మీ ఇంటికి కట్టిన అప్రైజల్ విలువ ఎక్కువ వేశారనిపిస్తే మే 15 లోపు ప్రొటెస్ట్ చేయండి.

బోర్డు మీటింగు అజెండా ముందుగా మడ్ వెబ్‌సైట్‌లో పెడతారు. రోడ్ బాండ్స్ అనే మాట అందులో కనిపించిన వారమే వెళ్ళండి. నేను చెప్పిన మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, మీవారిని కూడా తీసుకెళ్ళండి. వాళ్ళు ఏం చెప్పారో మళ్ళీ రాయండి, ఆ జవాబు ఇద్దరం కలిసి చూద్దాం.